వెంకటరావమ్మ ఆపించిన ఏడాది

మనిషి కంటే ముందు మగ్గం వినిపించింది.

తెల్లవారేసరికి ఆ వీధిలో మగ్గాలన్నీ ఆడేవి. అన్నిటి చప్పుడూ కలిసిపోయి, మైళ్ళ అవతలి సముద్రం నిద్రలో మాట్లాడుతున్నట్టు ఒకటే హోరు. ఎదురింటి మగ్గం మాత్రం ఆ హోరులో కలిసేది కాదు. టకా డబ్, టకా డబ్ అని పదో పన్నెండో దెబ్బలు పడేవి, ఆగిపోయేది. ఆ ఇంటి పెరట్లోంచి పాఠం చదివే గొంతులు రెండు వచ్చేవి. ఒకటి వాగులా పరుగెత్తేది. రెండోది రెండు మాటలు పలికి, మూడో మాట దగ్గర చీకట్లో గోడ తడుముకుంటున్నట్టు నిలబడిపోయేది. ఆ గొంతు ఆగితే మగ్గం ఆగేది. ఆ గొంతు కదిలితే, పోయిన దెబ్బలన్నీ తిరిగి అందుకోవాలన్నట్టు మగ్గం గబగబా కొట్టుకునేది.

1957 జూన్‌లో పేరాలలోని ఒక హయ్యరు ఎలిమెంటరీ బడికి ఐదో తరగతి చెప్పడానికి వచ్చి, జైతున్‌బీ ఇంటి ముందుగది అద్దెకు తీసుకున్నాను. వాళ్ళది నూలుకు రంగులద్దే ఇల్లు. ఆమె చేతులు మోచేతుల దాకా నీలంగా ఉండేవి, ఆకాశంలో ముంచి తీసినట్టు.

"ఆ మగ్గానికి ఏదైనా జబ్బా అమ్మా?" అని అడిగాను మొదటి ఉదయమే.

"మగ్గానికి కాదు మాస్టారూ, నేసేదానికి," అంది జైతున్‌బీ. "కుదురు లేదు దానికి. మగ్గం గుంటలో కూర్చున్నా చెవులు పెరట్లోనే ఉంటయ్. చూడండి, ఇప్పుడు అరుస్తది."

"ఏరా పానకాలూ! గొంతెటు పోయిందిరా?" అని లోపలి నుంచి కేక వచ్చింది.

"ఇక్కడే ఉందక్కా, వెతుకుతున్నా," అని పెరట్లోంచి జవాబు.

జైతున్‌బీ పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వు వినపడిందేమో, ఎదురింటి గుమ్మంలోకి మనిషి వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయి. పొడుగు. జుట్టంతా నూలు దుమ్ము, ఆమె ఒక్కదాని మీదే సన్నటి తెల్లటి వాన కురిసినట్టు. నన్ను చూసి కొత్త మాస్టారినని పోల్చుకుంది. నమస్కారం పెట్టబోయి, పెరట్లో మళ్ళీ గొంతు ఆగడంతో ఆ నమస్కారాన్ని సగంలోనే వదిలేసి లోపలికి పరుగెత్తింది.

ఆమె వెంకటరావమ్మ. ఆమెకు పదమూడేళ్ళప్పుడు తల్లికి జబ్బు చేస్తే, మగ్గం ఖాళీగా ఉండకూడదని ఆలస్యంగా చేరి మూడో తరగతిలో ఉన్న ఆమెను బడి మాన్పించారు. తల్లి పోయింది. తండ్రి కోటిలింగానికి చూపు మసకబారింది. పోగు కనిపించనివాడు మగ్గం మీద కూర్చోలేడు. రాట్నం దగ్గర కూర్చుని తడిమి తడిమి కండెలు చుట్టేవాడు. తమ్ముడు పానకాలుకు పదకొండేళ్ళు, చెల్లెలు మల్లేశ్వరికి తొమ్మిది దాటాయి. ఈ ఇద్దరినీ ఎనిమిదో తరగతి దాటించాలన్నది వెంకటరావమ్మ పట్టుదల. దానికోసం ఒంగోలు నుంచి పెళ్ళి మాట ఎత్తుకుని రెండుసార్లు వచ్చిన మేనబావను రెండుసార్లూ అన్నం పెట్టి పంపించేసింది.

"నన్ను ఆపేసినట్టు వీళ్ళని ఎవరూ ఆపకూడదండీ," అంది నాతో, పిల్లల్ని వెంటబెట్టుకుని బడికి వచ్చిన రోజున. "ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టండి. ఒకే గర్భాన పుట్టినోళ్ళు, ఒకే పలక పట్టినోళ్ళు."

అన్నాచెల్లెళ్ళు ఒకే తరగతిలో ఎలా ఉన్నారని అడగనక్కర్లేకపోయింది. పానకాలు మూడో తరగతిలో ఒకసారి, నాలుగులో ఒకసారి తప్పాడు. వెనక నుంచి మల్లేశ్వరి వచ్చి కలిసింది.

ఆ పిల్ల బెల్లం పొట్లం విప్పితే బెల్లం కంటే ముందు కాగితం చదివేది. వీధిలో ఎవరికి కార్డు వచ్చినా మల్లేశ్వరి చదవాల్సిందే. చావు కబురైనా, సీమంతం కబురైనా ఒకే వేగంతో చదివేస్తుందని ఆడవాళ్ళు గుండెలు పట్టుకునేవారు. పానకాలుకేమో అక్షరాలు నిలిచేవి కావు. నిన్న పలకరించిన అక్షరం ఇవాళ ఊరుకాని ఊరి నుంచి వచ్చిన మనిషిలా కనిపించేది. అయినా మొదటి నెలంతా వాడు నన్ను మోసగించాడు. లేచి నిలబడి, పుస్తకం గుండెకెదురుగా పట్టుకుని, పాఠం గడగడా అప్పజెప్పేవాడు. ఒకరోజు దగ్గరికి వెళ్ళి చూస్తే వాడు చదువుతున్నది ఆరో పాఠం, పుస్తకంలో తెరిచి ఉన్నది పదకొండోది. బడికి వచ్చే దారిలో చెల్లెలు చదివి చెప్పేది, వాడు విని దాచుకునేవాడు. తరగతి గొల్లున నవ్వింది. పానకాలూ నవ్వాడు. మల్లేశ్వరి మాత్రం తలవంచుకుని, తానే పట్టుబడ్డట్టు పలక అంచును గోటితో గీకుతూ కూర్చుంది.

కానీ వాడి వేళ్ళ సంగతి వేరు. మగ్గం మీద పాత పడుగు అయిపోతే, దాని కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే మెలేసి కలపాలి. అచ్చు అతకడం అంటారు. వేళ్ళకు బూడిద రాసుకుని వేల పోగులు కలపాలి. ఒక్క పోగు పక్కపోగుతో తారుమారైతే చీర పొడుగునా ఆ తప్పు నడుస్తుంది. పెద్దవాళ్ళు కళ్ళు చిట్లించి, ఊపిరి బిగబట్టి చేసే పని అది. పానకాలు ఎటో చూస్తూ, ఎవరినో వెక్కిరిస్తూ చేసేవాడు. అయినా ఒక్క పోగూ తప్పేది కాదు. ఆ వీధిలో ఎవరి పడుగు మారినా సెలవురోజున వాడిని పిలిచేవారు.

వెంకటరావమ్మకు ఆ పొగడ్త నచ్చేది కాదు. "వాడి వేళ్ళని మెచ్చుకుని మెచ్చుకుని వాడిని గుంటలోకి దింపుతారు వీళ్ళు," అనేది.

ఇంట్లో ఆమె న్యాయం కొలిచినట్టుండేది. పలకలు రెండూ ఒకేరోజు కొనేది. మల్లేశ్వరి లెక్కలు నిమిషాల్లో ముగించినా, అన్న ముగించేదాకా లేవడానికి లేదు. ఆ పిల్ల కాళ్ళు నేలమీద పురుగుల్లా కదులుతుండేవి. కళ్ళు దూలాల మీద, బల్లి మీద, కిటికీలోంచి కనిపించే రైలుపొగ మీద తిరుగుతుండేవి.

"దాన్ని లేవనివ్వొచ్చుగా," అన్నాను ఒకసారి గుమ్మంలోంచి.

"పడుగులో పోగులన్నీ ఒకే బిగువున ఉండాలండీ. ఒకటి వదులైతే బట్ట ఉబ్బుద్ది, ఒకటి బిగిస్తే తెగుద్ది. పిల్లలైనా అంతే."

"పడుగుకి పెట్టినట్టు పిల్లలకి గంజి కూడా పెట్టి కుంచెతో దువ్వవే," అన్నాడు రాట్నం దగ్గర నుంచి కోటిలింగం.

"నువ్వు కండె చూసుకో నాన్నా."

"చూడటానికి కళ్ళుంటే నీ మాటలెందుకు వింటాను తల్లీ," అన్నాడు ఆయన. ఇల్లంతా నవ్వింది, ఆమె తప్ప. ఆమె అప్పటికే లేచి పెరట్లోకి వెళ్ళింది.

1958 ఏప్రిల్‌లో పరీక్షలయ్యాయి. ఫలితాలు చదవడానికి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం ఎండలో, వెంకటరావమ్మ బడికి వచ్చింది. లోపలికి రాకుండా వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తోంది. నేనే బయటికి వెళ్ళాను.

"పానకాలు తప్పాడు కదండీ?"

"తప్పాడమ్మా. తెలుగులో మరీ తక్కువ."

"మల్లేశ్వరి?"

"క్లాసులో మొదటిది."

ఆమె స్తంభానికి చెయ్యి ఆనించింది. ఆ వార్తకు మొహం విప్పారాల్సింది. ఎండలో దీపంలా వెలవెలబోయింది. "దాన్ని కూడా ఆపండి మాస్టారూ," అంది.

నాకు అర్థం కాలేదు.

"ఒక్క ఏడాది. అది ఆరులోకి పోతే వీడు బడికి రాడండీ. దారిలో చెప్పేవాళ్ళుండరు. పక్కన కూర్చునేవాళ్ళుండరు. వారం తిరగకుండా ఎవడో ఒకడు మగ్గం ఎక్కిస్తాడు. అది చిన్నది, ఏడాది ఆగినా దానికేం పోదు. వీడికి ఆ ఏడాదే దిక్కు."

కాదనాలి. కాదనడానికి కావలసిన మాటలన్నీ నా దగ్గర ఉన్నాయి. కానీ ఆమె కళ్ళు నా మొహం మీద కూడా నిలవకుండా పక్షుల్లా అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. వాటిని ఎక్కడైనా ఒకచోట వాలనివ్వాలనిపించింది. పానకాలు మీద నాకూ ప్రేమ ఉండేది. ఒక చిన్నపిల్ల ఏడాదిని, నాది కాని ఏడాదిని, అలా ఆ వరండాలో ఇచ్చేశాను. జాబితాలో మల్లేశ్వరి పేరు ఎదుట ఒక అడ్డగీత గీశాను.

ఫలితాలు చదివినప్పుడు ఆ పిల్ల ఏడవలేదు. సాయంత్రం ఒక్కతే మా అరుగు దగ్గరికి వచ్చి నిలబడింది.

"మాస్టారూ, నేనెక్కడ తప్పు రాశానండీ?"

"లెక్కల్లో," అన్నాను.

"ఏ లెక్కండీ?"

"ఏదో ఒకటిలే. ఈసారి బాగా రాద్దువు."

"ఏదో చెప్తే దిద్దుకుంటానండీ."

నేను లాంతరు చిమ్నీ తుడుస్తున్నట్టు తల తిప్పుకున్నాను. ఆ పిల్ల వెళ్ళిపోయింది. ఇసుకలో ఆ చిన్న పాదాల గుర్తులు మా అరుగు దాకా వచ్చి, తిరిగి వెళ్ళాయి. రాత్రి గాలికి అవి చెరిగిపోతే బాగుండుననుకున్నాను.

జూన్‌లో బడి తెరిచారు. అన్నాచెల్లెళ్ళు అదే తరగతిలో, అదే పలకలతో, అదే బల్ల మీద కూర్చున్నారు. వెంకటరావమ్మ అనుకున్నట్టే పానకాలు రోజూ వచ్చేవాడు. మల్లేశ్వరే మారిపోయింది. ఒక మాట రాసి దానివైపు అనుమానంగా చూసేది. చెరిపేది. మళ్ళీ అదే మాట రాసేది. మళ్ళీ చెరిపేది. తడిగుడ్డతో తుడిచి తుడిచి ఆ పలక ఎప్పుడూ ఆరేది కాదు. తనకు తెలిసినవన్నీ తప్పులే అయివుంటాయని, ఏది తప్పో మాస్టారుకు కూడా చెప్పడం చేతకానంత పెద్ద తప్పులని ఆ పిల్ల అనుకుంటోంది. ఆ సంగతి నాకు ఆగస్టు దాకా తట్టలేదు.

ఆగస్టులో ఒకరోజు నేను పద్యం చెప్పి రాయమన్నాను. మధ్యలో పానకాలు లేచి నిలబడ్డాడు.

"మాస్టారూ! ఇది నా పలక చూసి రాస్తోందండీ!"

తరగతి పగలబడి నవ్వింది. పానకాలు నవ్వలేదు. "ఒట్టండీ! నా పలక! నా పలక చూసి!" అంటూ రెండు పలకలూ ఎత్తి చూపించాడు. వాడి గొంతులో ఫిర్యాదు లేదు, భయం ఉంది. ఇంట్లో గోడ కదలడం చూసినవాడిలా ఉన్నాడు. నేను పలకలు తీసుకున్నాను. వాడు వదిలేసిన అక్షరాలే ఆ పిల్లా వదిలేసింది. వాడు తిరగేసిన కొమ్ములే ఆ పిల్లా తిరగేసింది.

"ఎందుకమ్మా ఇలా రాశావు?"

"అన్నయ్యదే సరైందేమోనండీ," అంది మల్లేశ్వరి.

ఆ పలకలు రెండూ తుడవనివ్వకుండా సాయంత్రం నేనే మోసుకెళ్ళి వెంకటరావమ్మ ముందు పెట్టాను. ఆమె మగ్గం గుంటలోనే కూర్చుని, ఒక వేలితో ఒక పలక మీద, ఇంకో వేలితో రెండో పలక మీద నెమ్మదిగా నడిచింది. మూడో తరగతి చదువు ఆమెది. అయినా ఆ తప్పులు అర్థం కావడానికి అది చాలింది.

"నేను చెప్తానండీ దానికి," అంది. "మీరు చెప్పబాకండి. నేనే చెప్పాలి."

చెప్పలేదు. పది రోజులు మగ్గం చప్పుడు విన్నాను. రెండు దెబ్బలు, ఆగడం. ఒక దెబ్బ, ఆగడం. జైతున్‌బీ వంటింట్లోంచి, "నేస్తుందా, విప్పుతుందా ఇది?" అని విసుక్కునేది. గుమ్మంలో మల్లేశ్వరి కనపడగానే వెంకటరావమ్మ నోరు తెరిచేది. "అన్నం తిన్నావా?" అనేది. రోజుకు ఎన్నిసార్లు అడిగేదో ఆ మాట. ఆ పిల్ల తిన్నానని అన్నిసార్లూ ఓపికగా చెప్పేది.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం వాళ్ళ పడుగుకు గంజి పెట్టే రోజు. ఎండ ముదరకముందే, వీధి పొడుగునా ఏడెనిమిది ఇళ్ళ మేర పడుగును వెదురు కర్రల మీద సాగదీసి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వుతారు. ఒక ఇంటి పడుగైనా వీధి అంతా చెయ్యి వేయాల్సిందే. తెల్లని పోగులు మంచు మోస్తున్న నదిలా గుమ్మాల ముందు నుంచి పారుతుంటే, అటొకరు ఇటొకరు నిలబడి కబుర్లతో దాన్ని దాటేవారు. తడిసిన పడుగు బిగుసుకుంటుంది. అందుకని కొసకు కట్టిన మోకును ఒక గుంజకు రెండు చుట్లు తిప్పి ఒకరు పట్టుకుని కూర్చోవాలి, చెప్పినప్పుడు కాస్త వదలాలి. ఆ పని ఎప్పుడూ మల్లేశ్వరిది.

వెంకటరావమ్మ ఈ చివర కుంచె పట్టుకుని దువ్వుకుంటూ వెళ్తోంది. జైతున్‌బీ ఒక కార్డు తెచ్చి మల్లేశ్వరి ముందు పెట్టింది.

"నరసరావుపేట నుంచి మా తమ్ముడు రాశాడే. చదివి పెట్టు. చేతులు ఖాళీ లేకపోతే కళ్ళతో చదువు."

మల్లేశ్వరి కార్డు వైపు చూసింది. పెదవులు కదిలాయి. ఆగాయి.

"నాకు రాదు పిన్నీ. అన్నయ్యని అడుగు."

వీధి మొత్తం నవ్వింది. పానకాలును అడగమనడం కంటే పెద్ద హాస్యం ఆ వీధిలో ఇంకొకటి లేదు. "ఓసి నీ ఎకసెక్కాలు మండ!" అంటూ జైతున్‌బీ కూడా నవ్వబోయి, ఆ పిల్ల మొహం చూసి ఆగిపోయింది.

ఈ చివర కుంచె కింద పడింది.

"నీకు వచ్చుగదే!" అని అరిచింది వెంకటరావమ్మ. ఏడిళ్ళ దూరం అది. పడుగు పొడుగునా ఆ కేక పరుగెత్తింది. "నీకన్నీ వచ్చు! నువ్వు పాసయ్యావే మల్లీ! క్లాసులో మొదటిదానివి! నేనే ఆపమన్నాను! మాస్టారికి నేనే చెప్పి ఆపించాను నిన్ను!"

మల్లేశ్వరి అక్క వైపు చూసింది. తర్వాత అరుగు మీద వేపపుల్లతో నిలబడ్డ నా వైపు తిరిగింది. ఆ చూపు ఇంకా నన్ను ఏ లెక్కండీ అనే అడుగుతోంది. నేను తల ఊపాను.

ఆ పిల్ల తొందరపడలేదు. గుంజ మీద నుంచి మోకు ఒక చుట్టు విప్పింది. రెండో చుట్టు విప్పింది. వదిలేసింది.

పడుగు ఒక నిట్టూర్పులా కిందికి దిగింది. కర్రలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. గంజి తడితో ఉన్న వేల పోగులు వీధి ఇసుకలో వాలి, ఒకదానికొకటి చుట్టుకున్నాయి. అందరూ ఒక్కసారే అరిచారు. "పట్టుకోండర్రా!" "తొక్కబాకండి!" "ఆ కర్ర లాగకురోయ్!"

"ఏమైంది? ఏమైందర్రా?" అని కోటిలింగం అరుగు మీద లేచి నిలబడి గాలిలో చేతులు చాచాడు.

"పడుగు పడిపోయిందన్నా," అంది జైతున్‌బీ.

"ఎవరు వదిలారు?"

"నేనే నాన్నా," అంది వెంకటరావమ్మ.

ఆ పడుగును ఇంట్లోకి చేర్చి, దూలాలకు వేలాడగట్టారు. చూసినవాళ్ళంతా పనికిరాదన్నారు. పానకాలు మాత్రం దాని ముందు మఠం వేసుకుని కూర్చున్నాడు. ఒక్కో పోగూ విడదీసి, ఇసుక దులిపి, తెగినచోట అతికి, పక్కన పెట్టేవాడు. మూడు రోజులు బడికి రాలేదు. మల్లేశ్వరీ రాలేదు. ఇంట్లో అక్కతో మాట్లాడేది కాదు. అన్నం తిని, జైతున్‌బీ పెరట్లో రంగు తొట్ల పక్కన మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని కూర్చునేది. తొట్లలోని నీలంలోకి చూస్తుండేది. మూడో రోజు మాత్రం లేచి వెళ్ళి అన్న పక్కన కూర్చుంది. నేను వాళ్ళ గుమ్మంలో కోటిలింగం దగ్గర ఉన్నాను.

"ఏమే పాసైనదానా, ఆ బూడిద ఇటు నెట్టు," అన్నాడు పానకాలు.

"నోరుమూసుకోరా."

"నా పలక చూసి రాశావు చూడూ, నాకెంత గొప్పగా ఉండిందో తెలుసా? పుట్టి బుద్ధెరిగి నా పలక చూసినదానివి నువ్వొక్కదానివే."

మల్లేశ్వరి ఫక్కున నవ్వింది. నవ్వు మధ్యలోనే ఏడుపయింది. మోచేత్తో ముక్కు తుడుచుకుంది. "మరెందుకురా మాస్టారికి చెప్పావు?"

"భయమేసిందే. నీకూ రాకపోతే నాకు దారిలో పాఠం ఎవరు చెప్తారు?"

మగ్గం వెనక నిలబడి వెంకటరావమ్మ ఇదంతా విన్నది. పమిట చెంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి వెళ్ళింది. మర్నాడు చెల్లెలి చెయ్యి పట్టుకుని బడికి వచ్చింది. నేనూ వాళ్ళతో కలిసి ప్రధానోపాధ్యాయుడు యలమందయ్యగారి గదిలోకి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను.

ఆయన కళ్ళజోడు తీశారు. "జాబితా నీ ఇంటి గోడా, బొగ్గుతో ఇష్టమొచ్చినట్టు గీసుకోడానికి?" అన్నారు నాతో. వెంకటరావమ్మ ముందుకొచ్చి, "ఆయన్ని అనబాకండి, అడిగింది నేను," అంది. "నీ వంతు తర్వాత ఉందమ్మా, ఆగు," అన్నారు ఆయన. ఇద్దరికీ వంతుల వారీగా చీవాట్లు పెట్టి, తర్వాత మల్లేశ్వరిని కూర్చోబెట్టి ఆరో తరగతి లెక్కలు ఇచ్చారు. మూడు నెలల పాఠాలు పోయాయి. ఇప్పుడు ఇవి చేస్తే రేపటి నుంచి ఆరులో కూర్చోవచ్చు. చేయకపోతే ఐదే అన్నారు.

ఆ పిల్ల మొదటి లెక్క చేసింది. చెరిపింది. మళ్ళీ చేసింది. అలవాటుగా పక్కకు తిరిగి చూసింది. పక్కన ఏ పలకా లేదు.

"అక్కా, ఇది సరైందేనా?" అంది. నాలుగు రోజులకు అక్కతో అన్న మొదటి మాట అది.

వెంకటరావమ్మ వంగి చూసింది. ఆ అంకెలు ఆమెకు అందేవి కావు. ఔననడానికి నోరు తెరిచింది, ఔననలేదు. "నాకు తెలీదే," అంది. "ఇవి నాకు రావు. నీకు ఎట్లా వస్తే అట్లా రాయి. నేను బయట ఉంటా."

నిజంగానే బయటికి వెళ్ళింది. ఆమె పాదాలు వరండాలో అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు వింటూ మల్లేశ్వరి మిగతా లెక్కలన్నీ చేసింది. ఒకటి తప్పింది. యలమందయ్యగారు ఆ తప్పును వేలితో చూపించి, ఎందుకు తప్పో చెప్పారు. ఆ పిల్ల మొహం మీద అంతటి తేట నేను అంతకుముందు చూడలేదు. తప్పు ఎక్కడుందో తెలియడం కోసం తను ఏప్రిల్ నుంచి ఎదురుచూస్తోంది.

వెంకటరావమ్మ భయపడిందే జరిగింది. చెల్లెలు ఆరులోకి వెళ్ళాక పానకాలు మూడు రోజులు బడికి వచ్చాడు, నాలుగో రోజు ఎవరింట్లోనో అచ్చు అతుకుతూ దొరికాడు. చెవి పట్టుకుని ఈడ్చుకొచ్చింది. మర్నాడు మళ్ళీ పోయాడు. మళ్ళీ ఈడ్చుకొచ్చింది. అలా కొన్నాళ్ళు సాగాక, ఒక మధ్యాహ్నం వాడిని ఈడ్చుకురావడానికి వెళ్ళి, ఆ ఇంటి గుమ్మంలో నిలబడిపోయి వాడి వేళ్ళను చూస్తూ ఉండిపోయిందట. ఇంటికి వచ్చి లావుపాటి నూలు తీసి, చిక్కటి గంజిలో ముంచి, ఒక చెక్క మీద అక్షరం ఆకారంలో పరిచి ఎండబెట్టింది. ఎండాక ఆ నూలు తీగలా గట్టిపడింది.

"కళ్ళు మూసుకో," అంది వాడితో. "పోగు పట్టుకుని నడువు. ఎటు తిరుగుద్దో చెప్పు."

పానకాలు వేలు ఆ అక్షరం మీద నడిచింది. "ఇది తెలుసక్కా," అన్నాడు ఆశ్చర్యంగా. "ఇది కదలట్లేదు."

అక్కడితో అంతా సులువైపోయిందని చెప్పలేను. ఒక్కో అక్షరానికి రోజులు పట్టింది. ఒత్తుల దగ్గర వాడు చెక్కలు విసిరికొట్టాడు. ఆమె తిట్టింది, ఏడ్చింది, విరిగినవి మళ్ళీ పరిచింది. మల్లేశ్వరి తన చదువు ముగించి ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి వెళ్ళిపోయేది. ఆ లేవడాన్ని చూసి ఊరుకోవడం వెంకటరావమ్మకు ఎంత కష్టమయ్యేదో ఆమె చేతులు చెప్పేవి. వాటికి పని కావాలి, దేన్నో ఒకదాన్ని సరిచేయాలి. పానకాలు రెండేళ్ళకు ఐదు దాటాడు. ఆరు సగంలో, "చాలక్కా. కార్డు చదువుతా, సంతకం పెడతా. ఇక నన్ను మగ్గం ఎక్కనియ్యి," అన్నాడు. ఆమె వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత తన మగ్గం పక్కన ఇంకో గుంట తవ్వించింది. ఒంగోలు మేనబావ ఈలోపు వేరే సంబంధం చేసుకున్నాడు. ఆ శుభలేఖను పానకాలు తొడమీద వేలితో రాసుకుంటూ రాసుకుంటూ, పెళ్ళికూతురి పేరు దాకా చదివాడు. వెంకటరావమ్మ ఆ పెళ్ళి సంగతి వదిలేసి, "వాడు చదివినదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు పోలేదు," అని వీధంతా చెప్పుకుంది.

1963లో నాకు బదిలీ అయింది. మల్లేశ్వరి అప్పటికి హైస్కూలు ఆఖరి ఏడాదిలో ఉంది. జట్కా ఎక్కబోతుంటే వెంకటరావమ్మ తాను నేసిన తువ్వాలు తెచ్చి నా పెట్టె మీద పెట్టింది. గుర్రం కదులుతున్న కొద్దీ తానూ జట్కా పక్కన అటూ ఇటూ కదులుతోంది.

"జరిగిందేదో జరిగింది. ఎనిమిది దాటిందిగా, పైకీ వెళ్తోంది. ఇంకా మనసులో పెట్టుకోకమ్మా," అన్నాను. ఆ మాట ఆమెకే కాక నాకూ చెప్పుకున్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. జట్కా చట్రం పట్టుకుని, గుర్రంతో పాటు నాలుగడుగులు నడిచింది.

"మల్లి ఇప్పటికీ ఏది రాసినా ఒకసారి కొట్టేసి మళ్ళీ అదే రాస్తదండీ. మీరు చూడలేదేమో, నేను రోజూ చూస్తా. ఆ కొట్టివేత నాది. ఏ గంజి పెట్టినా అది పోదు. నా సంగతి వదిలేయండి. మీరెళ్ళే ఊళ్ళో నాలాంటి అక్క ఎవరైనా వచ్చి ఒక పిల్లకోసం ఇంకో పిల్లని ఆపమంటే మాత్రం, జాలిపడబాకండి మాస్టారూ. నాలుగు తిట్టి పంపెయ్యండి. ఊరుకోదు, మళ్ళీ వస్తది. మళ్ళీ తిట్టండి."